ఉస్తాద్ గీసిన గీత

ఆ ఆదివారం డిస్ట్రిబ్యూటర్‌ను తిప్పింది నేను. ఇంజను చచ్చిపోయాక ఎవరూ చూడకుండా దాన్ని మళ్లీ వెనక్కి తిప్పి పెట్టింది కూడా నేనే. "నువ్వేమన్న ముట్టినవా?" అని నాకు పని నేర్పిన మా ఉస్తాద్ అడిగితే లేదన్నాను. తరువాత నాలుగేళ్లు ఆ అబద్ధాన్ని అలాగే ఉంచాను.

ఆ రోజుల్లో ఆరాంఘర్ నుంచి శంషాబాద్ దాకా మెకానిక్ షెడ్లలో పనిచేసినవాళ్లు కొందరు ఇప్పటికీ ఎక్కడో ఒకచోట కలుస్తుంటారు. మా ఉస్తాద్ ప్రస్తావన వస్తే "మంచి చెయ్యి, పాపం. ఆఖర్కి చెవులు పోయినయ్" అంటారు. ఆయన చెవులు పోలేదు. ఇది ఆ మాట చెప్పడానికే రాస్తున్నాను.

తొంభైల మధ్యకాలం సంగతి. మా షెడ్డు సాతంరాయి దాటాక బెంగుళూరు రోడ్డు పక్కన ఉండేది. ఇప్పుడు విమానం అందుకోవాలని జనం దూసుకుపోయే రోడ్డే అది. అప్పుడు మా ఎదురుగా జొన్నచేను, వెనక రాళ్లగుట్ట, మధ్యలో లారీలు. నేను ఐటీఐ చదివిన రైతుబిడ్డను. ఇరవై నాలుగేళ్లవాడిని. ఉస్తాద్‌కు యాభై దాటి ఉంటాయి. సాతంరాయి క్రైస్తవుల ఇంటివాడు. ఆదివారం చర్చిలో మొదటి స్వరం ఆయనే ఇవ్వాలి. హార్మోనియం వాయించే మనిషి రాకపోయినా ప్రార్థన ఆగేది కాదు. ఉస్తాద్ గొంతు సవరించుకుని ఒక్క రాగం తీస్తే మిగతావాళ్లు దాన్ని పట్టుకుని పాడుకునేవారు.

ఆ చెవే షెడ్డుకు అన్నం పెట్టేది. రోడ్డు మీద పోతున్న లారీ శబ్దం విని ఏ వాల్వు వదులైందో చెప్పేవాడు. ఒక లారీ డ్రైవరు కొత్తవాళ్లతో ఎప్పుడూ అనేవాడు: "ఉస్తాద్ ముంగట ఎక్కువ సేపు నిలవడకుర్రి. గుండె సప్పుడు ఇని, ఎన్నొద్దులు నడుస్తదో జెప్తడు."

మా దగ్గరికి ఒక బండి వచ్చింది. దాని యజమాని కోస్తా నుంచి వచ్చి నగరంలో స్థిరపడిన కుటుంబంలోని యువకుడు. చిన్న కారులో జపాన్ నుంచి వచ్చిన పాత ఇంజను పెట్టించాడు. దానికి టర్బో ఉంది. మామూలు ఇంజను తనకు కావలసిన గాలి తనే పీల్చుకుంటుంది. టర్బో ఉన్నదానిలోకి గాలిని కుక్కుతారు. ఎంత కుక్కితే అంత బలం, అంత వేడి. అందుకే అలాంటి ఇంజనులో నిప్పురవ్వ ఎప్పుడు పడాలి అన్నది ప్రాణానికి సంబంధించిన లెక్క. పిస్టన్ పైకి వస్తుండగా, కొస దాకా చేరేలోపే రవ్వ పడాలి. కాస్త ఆలస్యమైతే బండి బద్ధకిస్తుంది. కాస్త తొందరపడితే పైకి వస్తున్న పిస్టన్‌కు మంట ఎదురొచ్చి కొడుతుంది. అప్పుడు లోపలినుంచి ఒక శబ్దం వస్తుంది, రేకు డబ్బాలో చింతగింజలు ఊపినట్టు. మేము దాన్ని 'గింజలు' అనేవాళ్లం. గింజలు వినపడ్డ ఇంజనుకు ఆయుష్షు నిమిషాల్లో ఉంటుంది.

రవ్వ పడే సమయాన్ని మార్చాలంటే డిస్ట్రిబ్యూటర్ బోల్టు వదులు చేసి దాన్ని కొంచెం ముందుకో వెనక్కో తిప్పాలి. ఆ 'కొంచెం' ఎంత అన్నదే విద్య. దానికి ఉస్తాద్ పద్ధతి ఆయనదే. మొదటి సిలిండరు ప్లగ్గు తీసి, ఆ రంధ్రంలోంచి సైకిలు చువ్వ దించి, పిస్టన్ కొసకు వచ్చిందో లేదో వేలితో తెలుసుకునేవాడు. అక్కడినుంచి లెక్కపెట్టి డిస్ట్రిబ్యూటర్ పెట్టేవాడు. పెట్టాక దాని అడుగుభాగం మీదా, ఇంజను మీదా కలిసేలా సూదిమొనతో ఒక సన్నని గీత గీసేవాడు. "తిప్పెటోనికి తిరిగొచ్చే తొవ్వ ఉండాలె" అనేవాడు. ఆ తరువాత ఒక రాగిగొట్టం కొసను చదును చేసి ఇంజనుకు బిగించి, దానికి రబ్బరు పైపు తొడిగి, ఆ పైపు రెండో కొసను బండి లోపలికి తెచ్చేవాడు. ఎవరైనా నడుపుతుంటే తను పక్కన కూర్చుని పైపు చెవిలో పెట్టుకుని కళ్లు మూసుకునేవాడు. కొత్వాల్‌గూడ వైపు ఎక్కుడు రోడ్డు మీద రెండుసార్లు పోయి వస్తే చాలు, పని అయిపోయినట్టే.

ఒకసారి నేనూ ఆ పైపు పెట్టుకున్నాను. ఇంజను శబ్దం మనం బయట వినేది కాదు. ఎవరిదో పెద్ద ఛాతీ మీద చెవి ఆనించినట్టుంటుంది. చాలాసేపు విన్నాక, లోపలున్నది మన మాటలు వింటోందేమో అనిపిస్తుంది.

నా దగ్గర టైమింగ్ లైటు ఉండేది, కొత్తది. ప్లగ్గు తీగకు తగిలిస్తే రవ్వ పడిన ప్రతిసారీ మెరుస్తుంది. ఆ మెరుపులో చూస్తే, గిర్రున తిరుగుతున్న ఇంజను ముందరి చక్రం, పుల్లీ, ఆగిపోయినట్టు కనపడుతుంది. దాని మీద ఉన్న తెల్లగీత ఏ అంకె దగ్గర నిలబడితే టైమింగు అంత. ఆ జపాన్ ఇంజను మీద నేను లైటు పెట్టబోతే ఉస్తాద్ ఆపాడు.

"గీ పుల్లీ మీది గీతను నమ్మకు బిడ్డా. ఇది రెండు ముక్కలు, నడుమ రబ్బరు. పాతగయితే మీది చుట్టు జారుతది. గీత అబద్ధం జెప్తది. పిస్టన్ జెప్పదు."

నా లైటు మీద అసూయ అనుకున్నాను. ఐటీఐలో మాకు ఆ మాట ఎవరూ చెప్పలేదు.

ఆయన చువ్వతోనే టైమింగు పెట్టి, గీత గీసి, పైపుతో విని బండి అప్పగించాడు. రెండు రోజుల తరువాత ఆదివారం పది గంటలకు ఆ యువకుడు వచ్చాడు.

"ఉస్తాద్ గారు లేరాండీ?"

"చర్చికి పోయిండు సార్. ఒంటిగంట అయితది."

"బండి బద్ధకంగా ఉందండీ. ఎక్కుడులో లాగడం లేదు. పెద్దాయన భయపడి తక్కువ పెట్టారేమో. మీరు చదువుకున్నవారు కదా, మీ లైటుతో ఒకసారి చూడకూడదూ?"

ఆ షెడ్డులో నన్ను 'మీరు' అన్న మొదటి మనిషి ఆయన. ఆ మాటకే పడిపోయాను.

ఎండలో లైటు కనపడదు కాబట్టి షట్టరు దించాను. లోపల చీకటి. రేకు చిల్లుల్లోంచి మాత్రం సన్నని ఎండపుల్లలు. ఇంజను స్టార్టు చేసి లైటు పట్టుకున్నాను. పుల్లీ ఆగిపోయింది. ఆగలేదని నాకు తెలుసు, వేలు పెడితే వేలు ఉండదని తెలుసు, అయినా చేయి ఆనించాలనిపించేంత నిశ్చలంగా ఉంది. దాని మీద ఒక్క తెల్లగీత. అంత రొదలో, అంత వేగంలో ఏమాత్రం కదలకుండా నిలబడి నావైపు చూస్తున్నట్టుంది. ఉన్నట్టుండి కొద్దిగా పక్కకు జరిగి, మళ్లీ చోటుకు వచ్చింది. పిలిస్తే తల తిప్పి చూసినట్టు. ఇంజను లోపలి గొలుసు వదులైతే అలా జరుగుతుందని తరువాత తెలుసుకున్నాను. అప్పుడు మాత్రం ఒక అడుగు వెనక్కి వేశాను.

గీత ఉండవలసిన అంకెకు చాలా వెనక ఉంది. ఉస్తాద్ నిజంగానే భయపడి తక్కువ పెట్టాడనుకున్నాను. బోల్టు వదులు చేసి, తెల్లగీత అంకె దగ్గరికి వచ్చేదాకా డిస్ట్రిబ్యూటర్‌ను ముందుకు తిప్పాను. వడ్లగింజ మందమంత. ఉస్తాద్ సూదితో గీసిన గీత రెండుగా విరిగి, పై ముక్క ఒకచోట, కింది ముక్క ఒకచోట మిగిలింది. బోల్టు బిగించి షట్టరు ఎత్తాను.

యజమాని నడిపాడు. నేను పక్కన కూర్చుని రబ్బరు పైపు చెవిలో పెట్టుకున్నాను. అప్పటికి పన్నెండు కావస్తోంది, చైత్రమాసపు ఎండ. కొత్వాల్‌గూడ ఎక్కుడు మొదలైంది. బండి నిజంగానే లాగింది. వీపు సీటుకు అంటుకుపోయింది. ఆయన నవ్వుతున్నాడు. అప్పుడు పైపులో రెండు గింజలు కదిలాయి. గోడ అవతల ఎవరో డబ్బా తీసి ఊపాలా వద్దా అని ఆలోచిస్తున్నట్టు. కాసేపు ఏమీ లేదు. మళ్లీ నాలుగైదు.

"ఎలా ఉందండీ?"

"మంచిగున్నది సార్. తొక్కుర్రి."

రోడ్డు మీది కంకర అడుగున తగులుతోందని అనుకున్నాను. అలా అనుకున్నానని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి ఆ శబ్దం ఏమిటో మొదటి గింజకే తెలుసు.

హిమాయత్‌సాగర్ నీళ్లు కనపడే మలుపు దగ్గర చెవిలో పలక పగిలినట్టయింది. వెనక తెల్లటి పొగ. ఇంజను ఆగిపోయింది, బండి మాత్రం ఏ శబ్దమూ లేకుండా ముందుకు జారుతూ పోయింది. అంత నిశ్శబ్దంగా కదిలే బండిలో నేను ఎప్పుడూ కూర్చోలేదు. అదే తనంతట తను రోడ్డు పక్కకు తప్పుకుని ఆగినట్టనిపించింది.

యజమాని బానెట్ ఎత్తి చూసి, అటుగా వచ్చిన స్కూటరు ఎక్కి ఉస్తాద్‌నూ, లాగే బండినీ తీసుకురావడానికి వెళ్లిపోయాడు. నేను ఒక్కడినే మిగిలాను. మిట్టమధ్యాహ్నం. సాగర్ నీళ్ల మీద అల లేదు. కాకి లేదు. బండి మాత్రం చల్లారుతూ టిక్కు, టిక్కుమంటోంది.

అప్పుడు నేను చేసింది ఇది. స్పానర్ తీసి, కాలుతున్న ఇనుము మీద చేతిగుడ్డ వేసి, బోల్టు వదులు చేశాను. విరిగిన రెండు గీతలూ కలిసి మళ్లీ ఒక్క గీత అయ్యేదాకా డిస్ట్రిబ్యూటర్‌ను వెనక్కి తిప్పాను. తిరిగొచ్చే తొవ్వ అని ఉస్తాద్ నేర్పింది ఇందుకు కాదు.

"ఏమాయె బిడ్డా?"

ఉలిక్కిపడ్డాను. కట్టెలమోపు దించుకుని ఒక ముసలమ్మ రోడ్డు పక్కన బండమీద కూర్చుని ఉంది. ఎప్పుడు వచ్చిందో తెలియదు.

"ఖరాబయింది అవ్వా."

"సచ్చిందా?"

"ఆ."

"సచ్చినంక ఏం జేస్తున్నవ్ దాన్ని?"

ఆమె మెడ చాచి నా చేతులవైపు చూసింది.

"మెడ సక్కగ వెడుతున్నవా? పెట్టు, పెట్టు. సూడొచ్చేటోళ్లకు మంచిగ కనవడాలె గద."

బోల్టు బిగించి తల ఎత్తేసరికి ఆమె మోపు నెత్తిన పెట్టుకుని నీళ్లవైపు దిగుతోంది. ఆ పక్క ఇళ్లు లేవు. నేను ఆమెను పిలవలేదు.

మూడు గంటలకు ఉస్తాద్ వచ్చాడు. చర్చికి వేసుకున్న తెల్లచొక్కాతోనే. జేబులో పాటల పుస్తకం. బానెట్ మీదికి వంగి, ముందుగా తన గీత కోసమే చూశాడు. గోరు దాని మీద నడిపించాడు. గోరు ఎక్కడా తగలకుండా జారింది.

"పెట్టిన కాడనే ఉన్నది," అన్నాడు తనలో తను. తరువాత నావైపు తిరిగాడు. "నువ్వేమన్న ముట్టినవా బిడ్డా?"

"లేదు ఉస్తాద్."

"పైపు వెట్టి ఇన్నవా?"

"ఇన్న."

"ఏమన్న ఇనొచ్చిందా?"

"ఏం లేకుండె."

యజమాని మా ఇద్దరివైపూ చూస్తున్నాడు. లైటు పెట్టమని అడిగింది తనే. నేను తిప్పింది ఆయన చూడలేదు, షట్టరు బయట సిగరెట్టు తాగుతున్నాడు. బండి హుషారుగా లాగేసరికి నేనేదో చేశానని ఊహించే ఉంటాడు. కానీ ఆ మాట అంటే అడిగిన తప్పు తనకూ వస్తుంది. "మీ ఉస్తాద్ గారే కదండీ పెట్టింది," అని మాత్రం అన్నాడు.

ఉస్తాద్ తల ఊపాడు. "మొన్న నేను ఇన్నప్పుడు సుత ఏం లేకుండె. అంటె లోపల మోగుతనే ఉండె. నాకే రాలె." తన కుడిచెవిని చిటికెనవేలితో ఒకసారి తట్టుకున్నాడు. నీళ్లు పోయాయేమో అన్నట్టు.

వారం తిరగకముందే ఆరాంఘర్ దాకా మాట పాకింది: చెవిటి మేస్త్రి ఇంజను చంపాడని.

ఇంజను విప్పితే మూడో పిస్టన్ అంచు ఎలుక కొరికినట్టుంది. ఉస్తాద్ దాన్ని అరచేతిలో పెట్టుకుని, చనిపోయిన పిట్టను చూసినట్టు చూసి, పక్కన పెట్టి ఇంటికి వెళ్లిపోయాడు. ఆయన వెళ్లాక నేను మొదటి సిలిండరులో సైకిలు చువ్వ దించి పిస్టన్‌ను కొసకు తెచ్చి, పుల్లీ మీది తెల్లగీతను చూశాను. అది ఉండవలసిన చోటికి బొటనవేలు వెడల్పు దూరంలో ఉంది. రబ్బరు జారింది. ఆయన చెప్పినట్టే గీత అబద్ధం చెప్పింది. ఆయన పెట్టింది సరిగ్గా పెట్టాడు. నేను ఆ పైన ఇంకా ముందుకు తిప్పి చంపాను.

మరునాడు చెప్పి ఉండొచ్చు. పొద్దున ఆయన రాకముందే ఇద్దరు గిరాకీలు వచ్చి, ఉస్తాద్ వద్దు, మీరే చూడండి అన్నారు. మరునాడు చెప్పలేదు. ఆ తరువాత ప్రతి రోజూ, నిన్న చెప్పలేదు కదా ఇవాళ ఎలా చెప్పేది అనే కారణం ఒకటి కొత్తగా దొరికేది.

ఉస్తాద్ భయంతో అన్ని బండ్లకూ రవ్వను బాగా వెనక్కి పెట్టడం మొదలుపెట్టాడు. బండ్లు ఎక్కుడులో కూలబడేవి, పొగగొట్టాలు ఎర్రగా కాలేవి. గిరాకీలు తిట్టేవారు. అయినా ఆయనకు గింజలు వినపడేవి. వెనక్కి, ఇంకా వెనక్కి తిప్పేవాడు. ఒకరోజు బోరింగు పంపు కొడుతూ ఆగిపోయి దాని గొట్టానికి చెవి ఆనించడం చూశాను. మరోరోజు ఫ్యాను ఆపి, రెక్కలు ఆగేదాకా కిందనే నిలబడ్డాడు.

చర్చిలో జరిగింది వాళ్ల ఇంటామె చెబితే తెలిసింది. పాట మధ్యలో ఆపి, గంజిర వాయించే అమ్మాయిని చెయ్యి తీయమన్నాడట. హార్మోనియం ఆపించాడట. పిల్లలను, ముసలివాళ్లను, అందరినీ ఊపిరి బిగపట్టి ఉండమన్నాడట. చర్చి నిండా జనం, ఒక్క శబ్దం లేదు. "ఇంక సుత మీకు ఇనొస్తలేదా?" అని అడిగాడట. పై ఆదివారం నుంచి మొదటి స్వరం వేరేవాళ్లు ఇచ్చారు.

వానాకాలంలో ఒక మధ్యాహ్నం నన్ను పిలిచాడు. "జర ఇటు రా."

రెండు రోజులుగా ఒక కారు మా షెడ్డులో పడి ఉంది. బ్యాటరీ కూడా తీసేసి ఉంది. ఆయన దాని ముందు కూర్చుని, రాగిగొట్టం ఇంజనుకు బిగించి, పైపు చెవిలో పెట్టుకుని ఉన్నాడు. ఇప్పుడు ఆ పైపు నాకిచ్చాడు.

"ఇను."

"బంద్ ఉన్నది గద ఉస్తాద్."

"తెలుసు. ఇను."

పెట్టుకున్నాను. ముందు నా చెవి హోరు. రేకుల మీద వాన లేదు, అప్పుడే వెలిసింది. హోరు వెనక ఏమీ లేదు. పైపు తీసేద్దామనుకున్నాను. అప్పుడు చాలా దూరంలో, లోపల ఎక్కడో, ఒక గింజ కదిలింది. ఆ తరువాత రెండు. అవి నిదానంగా, తొందర లేకుండా, నేను వింటున్నానని తెలిసినట్టు కదిలాయి.

"ఇనొచ్చిందా?"

"ఏం లేదు ఉస్తాద్."

ఆ ఒక్క జవాబు నిజమో అబద్ధమో నాకు ఈ రోజుకీ తెలియదు.

ఆయన నా ముఖం చూసి నిట్టూర్చాడు. "నీ చెవి మంచిది బిడ్డా. ఇగ నువ్వే చూస్కో." కిరోసిన్‌తో చేతులు కడుక్కుని, సబ్బు రుద్దుకుని, పానాల డబ్బా అక్కడే వదిలేసి ఇంటికి నడిచిపోయాడు. మళ్లీ షెడ్డుకు రాలేదు.

షెడ్డు నాదైంది. నాకు పేరు వచ్చింది. టైమింగు కోసం నగరం నుంచి నన్ను వెతుక్కుంటూ వచ్చేవారు. షట్టరు దించి లైటు పట్టుకోవడం మాత్రం నావల్ల అయ్యేది కాదు. చీకట్లో ఆ తెల్లగీత కదలకుండా నిలబడితే, అది నన్ను గుర్తుపట్టినట్టుండేది. షట్టరు ఎత్తే ఉంచి, బానెట్ మీద దుప్పటి నీడ పట్టి చూసేవాడిని. చూసిన ప్రతిసారీ చువ్వ దించి సరిచూసుకునేవాడిని. ఉస్తాద్ నేర్పిన పని ఉస్తాద్ షెడ్డు వదిలాకే నేర్చుకున్నాను. పండగకు వాళ్లింటికి వెళ్లి కేకు తిని, చాయ్ తాగి, ఆయన పక్కన కూర్చుని వచ్చేవాడిని. ఆయన ఏమీ అడిగేవాడు కాదు.

నాలుగో ఏడు, మధ్యాహ్నం పూట, ఉస్తాద్ ఇంటామె ఆటో దిగి షెడ్డులోకి వచ్చింది. మంచినీళ్లు ఇస్తే తాగలేదు.

"దవాఖానకు తీస్కపోయిన బిడ్డా. మిషన్లు వెట్టి జూసిండ్రు. చెవులు వయసుకు మంచిగున్నయ్ అన్నడు డాక్టరు. ఈయన ఇంటేనా? డాక్టరుకు ఇంజన్ తెలుస్తదా అంటడు. రెండు చెవులల్ల పత్తి గుక్కుకున్నడు. పది దినాలాయె. మనుమరాలు తాతా అని పిలిస్తె సుత పలుకడు. ముప్పయ్యేండ్లు నాతోని కొట్లాడిండు, ఇప్పుడు నేను తిట్టినా ఇంటలేడు. ఇననోన్ని తిడితే రుచి ఏముంటది?" నవ్వబోయి ఆగిపోయింది. "నీ చెవి మంచిదంటడు. నువ్వు జెప్తె ఇంటడు. జర వచ్చి డాక్టరు అన్నది నిజమే అని జెప్పు. లేకుంటె ఈ మనిషి గిట్లనే మూసుకపోతడు."

ఆ ఆటోలోనే ఆమె వెంట వెళ్లాను. దారి పొడుగునా ఆమె మాట్లాడుతూనే ఉంది. నాకు ఒక్క ముక్క ఎక్కలేదు.

ఉస్తాద్ పెంకుటింటి అరుగుమీద నులకమంచంలో కూర్చుని ఉన్నాడు. చిక్కిపోయాడు. నన్ను చూసి ముఖం వెలిగింది. రెండు చెవుల్లోనూ తెల్లటి పత్తి. తీయమని సైగ చేస్తే తల అడ్డంగా ఊపాడు.

"తీస్తె అది ఒస్తది. జెప్పు, నోరు జూస్త."

నోరు చూపించి చెప్పగలిగిన మాట కాదు అది. ఎదురుగా నేలమీద కూర్చున్నాను. కుడిచేతిని గిన్నెలా పట్టి, ఎడమచేత్తో స్పానర్ వదులు చేస్తున్నట్టు చూపించి, కుడిచేతిని కొంచెం ముందుకు తిప్పాను. ఆయన చూస్తున్నాడు. మళ్లీ దాన్ని వెనక్కి తిప్పాను. ఆయన ముఖంలో నవ్వు పోయింది. కుడిచెవిలోని పత్తి తీసి మంచం మీద పెట్టాడు.

"ఏంది?"

చెప్పాను. చర్చికి పోయిన ఆ ఆదివారం, షట్టరు, లైటు, తెల్లగీత, ఎక్కుడు, సాగర్ మలుపు. ఏదీ దాటవేయలేదు. ఆయన మధ్యలో ఆపి పనివాడిలా అడిగాడు.

"ఎంత దిప్పినవ్?"

"వడ్లగింజ మందం."

"ముందల్కా?"

"ముందల్కె."

పెదాలు కదిలిస్తూ లెక్కపెట్టుకున్నాడు. "పుల్లీ జారింది. లైటు తక్కువ జూపెట్టింది. దాని మీద నువ్వు ఇంకింత... గా ఎండల..." ఆగాడు. "గంత ముందల్కయితే సచ్చుడే. పైపుల ఏమన్న ఇనొచ్చిందా?"

"ఇనొచ్చింది ఉస్తాద్. గింజలు. మొదట్లనే ఇనొచ్చినయ్. తొక్కుమన్న."

"మరి నేను ఇన్నప్పుడు?"

"నువ్వు ఇన్నప్పుడు లేవు. ఉంటే గద ఇనొచ్చేది. నువ్వు పెట్టింది సక్కగ పెట్టినవ్."

గడపలో నిలబడ్డ ఆమె చేతిలోని చెంబు ఠంగున కింద పెట్టింది. "నాలుగేండ్లు! ప్రతి క్రిస్మస్‌కు నా చేతి చాయ్ తాగుకుంట ఈన్నే కూసున్నవ్ గద రా! ఈయన గోడలకు చెవి వెడుతుంటే చూస్కుంట కూసున్నవ్ గద రా!"

ఉస్తాద్ చెయ్యి ఎత్తి ఆమెను ఆపాడు. రెండో చెవిలోని పత్తి కూడా తీశాడు. కాసేపు తల కొంచెం వంచి ఊరికే విన్నాడు. రోడ్డు మీద ఏదో లారీ గేరు మార్చింది. ఎవరి ఇంట్లోనో పాలు పొంగిన చప్పుడు, ఎవరో అరిచిన చప్పుడు. ఆయన ఏం వింటున్నాడో నాకు తెలియదు. తరువాత కళ్లు నా మీదికి తెచ్చాడు.

"ఇంకేమన్న ఉన్నదా?"

"ఉన్నది ఉస్తాద్," అన్నాను. "నిన్ను చెవిటోడన్నరు. నేను పక్కనే ఉండి ఇన్న. కాదని అనలే. నువ్వు అడిగినవ్, నేను మొఖం మీదనే అబద్ధం జెప్పిన. నువ్వు నన్ను నమ్మి, నిన్ను నువ్వు నమ్ముకునుడు ఇడిసిపెట్టినవ్. గది నేను జేసిన పాపం, ఇంజన్ కాదు. మాఫ్ అడిగే మొఖం నాకు లేదు. అయినా అడుగుతున్న. తప్పు నాదే. నన్ను మాఫ్ చెయ్యి ఉస్తాద్."